మలయాళం సినిమా తెలుగు డబ్బింగులో చూడాలా, ఒరిజినల్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్ చదవాలా?

పొద్దుటి_ఆట:
ఈ మధ్య చూసిన సినిమాల గురించి ఎవరు ఏ థ్రెడ్ మొదలెట్టినా పదో పోస్టుకల్లా ఇదే గొడవ. ఒకరు "డబ్బింగులో చూసి బాగాలేదనకండి" అంటారు. ఇంకొకరు "ఇంగ్లీషు చదువుకుంటూ చూడ్డానికి అది సినిమానా, ఎంసెట్ పేపరా" అంటారు. ఇక్కడే తేల్చుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తా. ఒరిజినలే చూడాలి. మంజుమ్మెల్ బాయ్స్ తీసుకోండి. 2024 ఫిబ్రవరి 22న మలయాళంలో, ఏప్రిల్ 6న తెలుగులో వచ్చింది. 2006లో నిజంగా జరిగిన సంగతి. కేరళ కుర్రాళ్ళు కొడైకెనాల్ గుణ గుహలకు వెళ్తారు, ఒకడు లోపల పడిపోతాడు. పైనున్నవాళ్ళు సాయం అడగాల్సింది తమిళం మాట్లాడే పోలీసుల్ని, అక్కడి దుకాణాలవాళ్ళని. సగం మలయాళం, సగం తమిళం, మిగతాది ఏడుపు. ఆ భాష అడ్డం పడటం కథలో భాగం. ఇద్దరి నోటా తెలుగే పెడితే పోలీసుకి ఎందుకు అర్థం కావట్లేదో మనకి అర్థం కాదు. పోనీ ఒకవైపు తమిళం ఉంచేస్తే, తెలుగు మాట్లాడే కేరళ కుర్రాళ్ళు తమిళ పోలీసుల్ని బతిమాలుతున్నట్టు ఉంటుంది. ఎటు తిప్పినా అతుకు కనిపిస్తుంది.

నేల_టికెట్టు:
ఒక్క సినిమాని పట్టుకుని మొత్తం డబ్బింగుని ఉరి తీస్తే ఎలా అండీ. అది రెండు భాషల సినిమా, దానికి ఆ ఇబ్బంది తప్పదు. మరి ఒకే భాషలో నడిచే సినిమాల సంగతో?

తెలుగువాడికి డబ్బింగు నిన్న మొన్న ఓటీటీతో వచ్చింది కాదు. 1950లో ఆహుతి అనే డబ్బింగ్ సినిమాకి శ్రీశ్రీ రాశాడు. ఆరుద్ర రాశాడు. రాజశ్రీ రాసిన మాటలు, పాటలు విని అవి తమిళం నుంచి వచ్చాయని గుర్తే లేని తరం ఉంది. నాయకుడు, దళపతి, ప్రేమికుడు, అపరిచితుడు మనవి కావని ఎవరంటారు? ముత్తు నుంచి రజనీకాంత్ అంటే మనకి మనో గొంతే. కమల్ అంటే బాలు. సూర్య అంటే శ్రీనివాసమూర్తి. 2023 జనవరిలో శ్రీనివాసమూర్తి పోయినప్పుడు "ఇక సూర్య గొంతు ఎవరిది" అని బాధపడ్డారు గానీ "సూర్యకి సొంత గొంతు ఉంది కదా" అని ఎవరూ అనలేదు. ఒరిజినల్ పెట్టుకుంటే మన చెవికి సూర్యే డబ్బింగులా ఉంటాడు, అదీ విషయం.

కింద_లైను:
పొద్దుటి_ఆట గారూ, "ఒరిజినల్ చూడాలి" అంటున్నారు. మీరు చూసేది ఒరిజినల్ కాదు, ఒరిజినల్ ఆడియో మీద వేరే భాషలో రాసిన క్లుప్తం. సబ్‌టైటిల్ పని ఎలా నడుస్తుందో చెప్తే ఈ "స్వచ్ఛత" వాదన కాస్త తగ్గుతుంది.

ఇంగ్లీషు సబ్‌టైటిల్‌కి మామూలుగా వాడే కొలత లైనుకి 42 అక్షరాలు, మొత్తం రెండు లైన్లు. పెద్దవాళ్ళు చదివే వేగం సెకనుకి 17 అక్షరాల చుట్టూ లెక్కేస్తారు, కొన్నిచోట్ల 20 దాకా ఒప్పుకుంటారు. ఒక టైటిల్ ఏడు సెకన్లకు మించి తెర మీద ఉండదు, సెకనులో ఆరింట ఐదొంతులకన్నా తక్కువ కూడా ఉండకూడదు. ఇప్పుడు లెక్క చూడండి. రెండు లైన్లూ నిండితే 84 అక్షరాలు, అంటే చదవడానికి దాదాపు ఐదు సెకన్లు. మలయాళం వేగంగా మాట్లాడే నలుగురు స్నేహితులు టీ కొట్టు దగ్గర ఒకరి మీద ఒకరు పడి మాట్లాడే సీన్లో ఐదు సెకన్లలో ముగ్గురి మాటలు అయిపోతాయి. అనువాదకుడు ఏం చేస్తాడు? ఒకడి మాట పూర్తిగా, ఇంకొకడిది సగం, మూడోవాడిది వదిలేస్తాడు. ఆ మూడోవాడే చాలాసార్లు జోకు వేసేది.

ఇంకొకటి. మలయాళంలో అన్నను పిలిచే తీరుతోనే మనిషి ఏ ఇంటివాడో చెప్పేస్తారు. చేట్టా అంటే మామూలు అన్న. ఇక్కా అంటే ముస్లిం ఇంటి అన్న. అచ్చాయా అంటే క్రైస్తవుల ఇంటి పెద్ద. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో ముగ్గురూ "బ్రో". మనం నవ్వాల్సిన చోట నవ్వం, అంతే.

పొద్దుటి_ఆట:
తెలుగు డబ్బింగులోనూ ముగ్గురూ "అన్నా" యే కదండీ! అక్కడ మాత్రం ఏం మిగిలింది? ఒరిజినల్లో కనీసం "ఇక్కా" అని చెవికి వినిపిస్తుంది. రెండు సినిమాలు చూసేసరికి తేడా తెలిసిపోతుంది.

కింద_లైను:
ఒప్పుకున్నా. కానీ "నువ్వు", "మీరు" డబ్బింగులోనే మిగులుతాయి. పెళ్ళాం మొగుణ్ణి మీరు అనడం ఏ సీన్లో ఆపి నువ్వు అంటుందో ఇంగ్లీషులో కనపడదు.

ఇంకో ముచ్చట, ఇది డబ్బింగుకి వ్యతిరేకంగా పోయేదే, అయినా చెప్పాలి. మలయాళం క్రియకి లింగం లేదు, పురుష కూడా లేదు. నేను వచ్చాను, వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, అన్నిటికీ "వన్ను" ఒక్కటే. సర్వనామం వదిలేసి మాట్లాడితే వచ్చింది ఆడో మగో వినేవాడికి తెలీదు. సస్పెన్స్ కథలు రాసేవాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన వరం. తెలుగులోకి తేవాలంటే వచ్చాడు అనాలి, లేదా వచ్చింది అనాలి. అన్నారా, గుట్టు రట్టు. జాగ్రత్తగల రచయిత "ఎవరో వచ్చారు", "ఇక్కడే ఉన్నారు" అని గౌరవ బహువచనంలోకి జారిపోతాడు. అజాగ్రత్తగల రచయిత మొదటి అరగంటలోనే హంతకుడు మగాడని చెప్పేస్తాడు. ఇంగ్లీషు సబ్‌టైటిలూ అదే తప్పు చేస్తుంది లెండి, అక్కడా సర్వనామం ఏదో ఒకటి రాయాల్సిందే.

ఓరుగల్లు_బాల్కనీ:
అందరు భాష భాష అంటున్రు, ఏ తెలుగు అని ఎవ్వరు అడుగుత లేరు. డబ్బింగ్ సినిమాల హీరో ఏ ఊరోడైనా మాట్లాడేది ఒక్క తీరు తెలుగే. అటు బెజవాడ కాదు, ఇటు ఏలూరు కాదు, స్టూడియో తెలుగు. యాస పెట్టినరంటే వాడు రౌడీ అన్న కావాలె, నవ్వించేటోడన్న కావాలె. తెలంగాణ యాస అయితే ఆటో డ్రైవర్, సీమ యాస అయితే కత్తి పట్టుకున్నోడు. త్రిశ్శూర్ యాసకు, కోళిక్కోడ్ యాసకు మలయాళంల ఉన్న మర్యాద మన యాసలకు మన డబ్బింగ్ల లేదు. గందుకే నేను ఒరిజినల్ దిక్కు.

పెదవిముడి:
ఓరుగల్లు అన్నా, నీ ఫిర్యాదు నూటికి నూరుపాళ్ళు న్యాయం. అందులో ఇంకో తమాషా ఉంది. యాస పెడితే మర్యాద సంగతి అటుంచి, పెదవి కూడా బాగా కుదురుతుంది. ఎలాగో వివరంగా చెప్తా, కాస్త పొడుగవుతుంది.

డబ్బింగ్ పని ఇలా నడుస్తుంది. అక్కడి నిర్మాత దగ్గర్నుంచి ఎడిట్ ఖాయమైన బొమ్మ వస్తుంది, రీళ్ళుగా కోసి, మూల టైమ్‌కోడ్ (ఏ ఫ్రేము ఏ క్షణానిదో చెప్పే అంకెలు) వేసి. దానితో పాటు పైలట్ ట్రాక్, అంటే ఒరిజినల్ మాటలు. మాటలు లేకుండా మ్యూజిక్, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాకు వేరేగా. డైలాగుల కాపీ. రచయిత బొమ్మ ముందుకీ వెనక్కీ తిప్పుతూ మూడు సంగతులు గుర్తు పెట్టుకుంటాడు. నోరు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది, మధ్యలో పెదవులు ఎక్కడ కలిశాయి. ప, బ, మ దగ్గర రెండు పెదవులూ అంటుకోవాలి, అది దాచలేం. వ, ఫ దగ్గర సగం. మిగతా అక్షరాలన్నీ దొంగచాటుగా నెట్టుకురావచ్చు.

తమిళంలో "సొల్లు" ఉంది. తెలుగులో చెప్పు. అర్థం అతికినట్టే ఉంది, కానీ "సొల్లు"లో పెదవులు ఎక్కడా కలవవు, "చెప్పు"లో నట్టనడుమ గట్టిగా కలుస్తాయి. దూరం షాట్లో ఏమీ కాదు. మొహం తెరంతా ఉన్న షాట్లో ఆ ఒక్క మాటకే ప్రేక్షకుడు "డబ్బింగు" అనేస్తాడు. అందుకే క్లోజప్‌లో చేయి తిరిగిన రచయిత "చెప్పరా" అనకుండా "ఏంటో అనరా" అని రాస్తాడు. దీనికి తలకిందుల కేసు "ఆమా". అందులో పెదవులు ఒకసారి కలుస్తాయి. "అవును"లో కలవవు. "ఆ, మరే" అంటే సరిగ్గా కూర్చుంటుంది, పైగా గోదావరి వాసన ఉచితం. తెరియాదుకి తెలీదు, పోకి పో, సరికి సరే, ఇలాంటివి దేవుడిచ్చిన బహుమతులు.

మలయాళంలో "పరయ్" అంటే చెప్పు. అక్కడ మొదటి అక్షరమే ప. చెప్పులో ప్ప రెండోది. అప్పుడు మాటని మూడు నాలుగు ఫ్రేములు ముందుకి లాగి, ప్ప వచ్చి పరయ్‌లోని ప మీద పడేలా ఎడిటర్ జరుపుతాడు. చె అన్నది మూసిన నోటి మీదే వినిపిస్తుంది, కన్ను దాన్ని ఓర్చుకుంటుంది. పెదవి కలిసిన చోట శబ్దం కలవకపోతే మాత్రం ఓర్చుకోదు.

తర్వాత వాక్యం చివర. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందులోనూ ఉకారం ఎక్కువ. ఉన్నాడు, వచ్చాడు, కాదు, లేదు. తమిళంలో "ఇరుక్కాన్" అని నకారంతో ఆగిపోతుంది. తెర మీద పెదవులు వెడల్పుగా ఉండగా చెవిలో "డు" అని గుండ్రంగా పడితే నప్పదు. అనుభవమున్న ఆర్టిస్టు ఆ ఆఖరి ఉకారం మింగేస్తాడు, "ఉన్నాడ్" అని. నిజానికి మనం మాట్లాడేటప్పుడు మింగుతూనే ఉంటాం. కొత్తవాళ్ళు స్పష్టత పేరుతో పలికి చెడగొడతారు.

ఇప్పుడు యాస. తమిళంలో "వందుకిట్టు ఇరుక్కాన్" ఏడక్షరాలు. "వస్తున్నాడు" నాలుగే. మిగిలిన మూడక్షరాలకి నోరు ఆడుతూనే ఉంటుంది, అందుకని "చూడు, వాడు వస్తున్నాడు" అని చూడు అతికిస్తారు. అదే చిత్తూరు మాట "వస్తా ఉండాడు" పెడితే ఐదు. అతుకు చిన్నదైతే చాలు. అటు మలయాళంలో "పోకువా" మూడక్షరాలు, "వెళ్తున్నాను" అంటే నాలుగు, అదీ బరువైన నాలుగు. తెలంగాణలో అనే "పోతున్న" సరిగ్గా మూడు, పైగా మొదట్లోనే ప. అంటే తమిళ పల్లెకి చిత్తూరు, మలయాళం వేగానికి తెలంగాణ, స్టూడియో తెలుగుకన్నా బాగా సరిపోతాయి. అయినా పెట్టరు. అందరికీ అర్థం కావాలనే భయంతో స్టూడియో తెలుగులో పోస్తారు.

ఓరుగల్లు_బాల్కనీ:
అరే, ఇది మస్తుంది! "చూడు", "తెలుసా", "అంటే" గివన్ని గందుకే ఇరికిస్తరా! నేను రాసెటోళ్లకు తెలుగు రాదనుకున్న.

పెదవిముడి:
కొందరికి రాదు కూడా. ఆ మాట కాదనను.

నేల_టికెట్టు:
రాసేవాళ్ళు సరైనవాళ్ళయితే ఏమవుతుందో ప్రేమలు సినిమా చూపించింది కదా. 2024 ఫిబ్రవరిలో మలయాళంలో, మార్చి 8న తెలుగులో. మాటలు ఆదిత్య హాసన్. కథ హైదరాబాద్‌లో, కుర్రాళ్ళ మాటలన్నీ అమీర్‌పేట హాస్టల్లో వినిపించే తెలుగు. అది ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసినవాడు సగం సరదా పోగొట్టుకున్నట్టే.

పొద్దుటి_ఆట:
మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. ప్రేమలు కథేంటి? కేరళ కుర్రాడు తెలీని ఊరొచ్చి పడటం. హైదరాబాద్ వాడికి పరాయి ఊరు. వాడి నోట్లో మన కాలేజీ తెలుగు పెడితే వాడు పరాయివాడు ఎలా అవుతాడు? నవ్వులు పెరిగాయి, ఒంటరితనం తగ్గింది. అది లాభమా నష్టమా మీరే చెప్పండి.

నేల_టికెట్టు:
ప్రేమకథ కామెడీకి నవ్వులు పెరిగితే లాభమేనండీ. ఇందులో తర్కం ఏముంది.

సెంటర్‌చానల్:
మాటల గురించి చాలా మాట్లాడుకున్నారు, శబ్దం గురించి ఎవరూ ఎత్తలేదు. డబ్బింగ్ "రేడియో నాటకంలా ఉంది" అని ఫిర్యాదు చేసేవాళ్ళలో చాలామంది గొంతునో అనువాదాన్నో తిడతారు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు.

ఇప్పటి మలయాళ సినిమాల్లో చాలా వాటికి సింక్ సౌండ్. అంటే షూటింగ్ జరిగిన చోటే గొంతు రికార్డు చేస్తారు. ఆ మైకులో గొంతుతో పాటు గిన్నె చప్పుడు, లుంగీ మడత పెట్టిన చప్పుడు, వెనక వాన, గది గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని అన్నీ పడతాయి. వేరే భాషకి ఇవ్వాలంటే డైలాగ్ ట్రాక్ తీసేయాలి. తీసేస్తే గొంతుతో పాటు గిన్నె చప్పుడూ పోతుంది. వాటన్నిటినీ ఫోలీలో, అంటే స్టూడియోలో వస్తువులతో చప్పుళ్ళు పుట్టించి, మళ్ళీ చేసి మ్యూజిక్-ఎఫెక్ట్స్ ట్రాకులో నింపి ఇవ్వాలి. ఆ నింపే పని పూర్తిగా జరిగితే డబ్బింగ్ బతుకుతుంది. హడావిడిగా చేస్తే మనిషి నడుస్తాడు, అడుగు వినపడదు. అన్నం కలుపుతాడు, కంచం మోగదు. చెవికి ఏదో వెలితి తెలుస్తుంది, పేరు పెట్టలేక "డబ్బింగ్ బాలేదు" అంటాం.

రెండోది గది. ఆర్టిస్టు పలికేది ప్రతిధ్వని లేని బూత్‌లో, మైక్‌కి జానెడు దూరంలో. తెర మీద మనిషి పెరట్లో పది అడుగుల దూరాన నిలబడి కేకేస్తున్నాడు. మిక్సింగ్‌లో కింది స్వరాలు కోసి, కాస్త ఆరుబయటి ధ్వని కలిపి, గొంతుని ఆ పెరట్లోకి పంపాలి. షాటు మారిన ప్రతిసారీ మార్చాలి. రెండున్నర గంటల సినిమాకి అది ఓపిక పని. టైము లేనప్పుడు మొత్తానికి ఒకే సెట్టింగ్ వేసి పంపేస్తారు. అప్పుడు పెరట్లో, బావిలో, బస్సులో అందరూ మన చెవి పక్కనే కూర్చుని మాట్లాడతారు.

మూడోది కేకలు, ఏడుపులు, రొప్పులు. బాగా తయారు చేసిన ట్రాకుల్లో వీటిని ఆప్షనల్‌గా వేరుగా ఇస్తారు, కావాలంటే ఒరిజినల్ గొంతుదే ఉంచుకోవచ్చు. కాంతార సంగతి చూడండి. కన్నడంలో 2022 సెప్టెంబర్ 30, తెలుగులో అక్టోబర్ 15. భూతకోలలో, అంటే మనిషిని దైవం ఆవహించే ఆ ఆరాధనలో, దైవం వేసే ఆ "ఓ" అన్న అరుపుకి అనువాదం ఏముంటుంది? దాన్ని ఏ భాషా అడ్డుకోదు. ఆ సినిమా తెలుగు ఊళ్ళలో అలా ఆడటానికి అసలు బరువంతా మాట మీద లేకపోవడం ఒక కారణం అంటాను నేను.

కింద_లైను:
సెంటర్‌చానల్ గారూ, ఒక చిన్న అనుమానం. ఓటీటీలో అదే సినిమా తెలుగు ఆడియో పెడితే గొంతు ఒకలా, మలయాళం పెడితే ఇంకోలా వినిపిస్తుంది, వాల్యూమ్ కూడా మారుతుంది. అది మిక్సింగేనా?

సెంటర్‌చానల్:
కొంత మిక్సింగ్, కొంత ట్రాక్ రకం. ఆడియో మెనూ తెరిచి చూడండి. చాలాసార్లు ఒరిజినల్ భాష 5.1లో, అంటే ఆరు స్పీకర్లకి విడివిడిగా పంచిన శబ్దంలో ఉంటుంది, డబ్బింగ్ భాషలు ఉత్త స్టీరియోలో ఉంటాయి. 5.1లో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్‌లో ఉంటాయి. మీ టీవీకి ఉన్నది రెండే స్పీకర్లు కాబట్టి ఆ మధ్యదాన్ని 3 డెసిబెల్స్ తగ్గించి కుడి ఎడమలకి పంచుతుంది. వాటిలో అప్పటికే పాటా, పేలుళ్ళూ ఉంటాయి కాబట్టి మాట వాటి కింద పడి నలుగుతుంది. "మలయాళంలో గొణుగుతారు" అనే పేరు సగం ఇందువల్లే వచ్చింది. స్పీకర్ సిస్టమ్ లేకపోతే 5.1 వదిలేసి స్టీరియో ఉంటే అది ఎంచుకోండి. లేదా టీవీలో మాట స్పష్టంగా వినిపించే మోడ్ ఒకటి ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది, అది వేయండి. సరౌండ్ ఎఫెక్ట్ అని ఊరించేది ఏదైనా ఆన్‌లో ఉంటే తీసేయండి, గొంతుని పలచన చేసేది అదే.

రెండో_ఆట:
సినిమా పేరే అనువదించని కాలంలో మాటలు అనువదించమని అడుగుతున్నారు మీరు. అన్నియన్‌కి అపరిచితుడు అని పెట్టినవాళ్ళున్న ఊరు ఇది! 2024లో తమిళ వేట్టయన్ తెలుగులోనూ వేట్టయన్‌గానే దిగింది.

నేల_టికెట్టు:
అది నిజంగా సిగ్గుచేటే. అన్ని భాషల్లో ఒకే పేరుంటే పోస్టర్ ఒకటే, ప్రచారం ఒకటే, అదీ వాళ్ళ లెక్క. కానీ ఇది వేరే థ్రెడ్ అవుతుంది, ఇక్కడొద్దు.

పొద్దుటి_ఆట:
సరే, మన దారిలోకి వద్దాం. మన సినిమా బయటికి వెళ్ళినప్పుడు మనమేం అంటాం? పుష్పలో అల్లు అర్జున్ చిత్తూరు యాస కోసం పడిన కష్టమంతా హిందీలో శ్రేయస్ తల్పడే గొంతులోకి వెళ్ళాక ఏమైంది? హిందీవాళ్ళు చూసింది వేరే పుష్ప. "తెలుగులో చూస్తే గానీ తెలీదు" అని మనమే కదా అన్నది. ఆ మాట మలయాళీలు అంటే మాత్రం మనకి కోపం.

నేల_టికెట్టు:
హిందీవాళ్ళు ఆ వేరే పుష్పనే నెత్తిన పెట్టుకున్నారు కదండీ. తల్పడే బాగా చేశాడనే కదా అన్నారందరూ. ఇది నా వైపు సాక్ష్యం, మీరు పొరపాటున తెచ్చారు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ అనడం లేదు. మలయాళం సినిమాకి ఓటీటీలో దొరికేది ఎక్కువగా ఇంగ్లీషు సబ్‌టైటిలే. తెలుగు లిపిలో ఉండటం తక్కువ. అంటే "ఒరిజినల్ చూడండి" అనేది ఇంగ్లీషు టకటకా చదవగలిగినవాళ్ళకి ఇచ్చే సలహా. ఇంట్లో అరవై దాటినవాళ్ళు, పదేళ్ళ పిల్లలు, ఇంగ్లీషు అలవాటు లేనివాళ్ళు, వీళ్ళకి డబ్బింగే సినిమా. అటు అమెరికాలో పెరిగిన మన పిల్లలు తెలుగు సినిమానే ఇంగ్లీషు టైటిల్స్‌తో చూస్తున్నారు, వాళ్ళకి మీ సూత్రం ప్రకారం ఏం చెప్తారు?

కింద_లైను:
ఇది నేను ఒప్పుకుంటా, నా పని సబ్‌టైటిల్స్ వైపు అయినా సరే. తెలుగు లిపిలో టైటిల్ వేయడం తేలిక కాదని కూడా చెప్పాలి. మన అక్షరానికి పైన గుడి, కింద వొత్తు. "స్త్రీ" ఒక్కటి చాలు, ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తులో అది పట్టదు. రెండు లైన్ల మధ్య ఖాళీ పెంచకపోతే పై లైను వొత్తులు, కింది లైను గుడులు కొట్టుకుంటాయి. పెంచితే బొమ్మలో ఎక్కువ భాగం కప్పేస్తుంది. చిన్న ఫోన్ మీద క్ష్మ, ష్ట్ర లాంటివి నల్లమచ్చలే. దీనికి మందు పొట్టి వాక్యం. "అతను నిన్న రాత్రి ఇక్కడికి వచ్చాడని నాకు తెలిసింది" అని రాయక్కర్లేదు, "రాత్రి వచ్చాడట" చాలు. తెలుగులో "ట" ఒక్కటి ఇంగ్లీషులో నాలుగు మాటల పని చేస్తుంది. ఇలా రాసేవాళ్ళు దొరికితే తెలుగు టైటిల్ ఇంగ్లీషుకన్నా వేగంగా చదువుకోవచ్చు.

పెదవిముడి:
"వచ్చాడట"! డబ్బింగులో కూడా ఆ "ట" మర్చిపోయి "వచ్చాడని అంటున్నారు" అని సాగదీస్తారు. నోరు మూసుకున్నాక కూడా గొంతు వినపడేది ఇలాంటి చోట్లే.

ఓరుగల్లు_బాల్కనీ:
మరి సినిమా మొదలు పెట్టకముందే డబ్బింగ్ మంచిదా కాదా ఎట్ల తెలుస్తది? అరగంట చూసినంక మార్చుడంటే మూడ్ ఖరాబైతది.

పెదవిముడి:
అయిదు నిమిషాలు చాలు. మొదటి పాటా, హీరో ఎంట్రీ వదిలెయ్, అక్కడ అందరూ జాగ్రత్త పడతారు. కొంచెం ముందుకి జరిపి, ఇద్దరు గదిలో కూర్చుని మామూలుగా మాట్లాడుకునే సీన్ పట్టుకో. ఒకరి మాట ఆగి ఇంకొకరి మాట మొదలయ్యే సందులో గది వినిపిస్తోందా, ఫ్యాను చప్పుడు, బయట కాకి? ఆ సందు చచ్చిపోయినట్టు నిశ్శబ్దంగా ఉంటే ట్రాకులు సరిగ్గా నింపలేదని అర్థం. తర్వాత చిన్న పాత్రల్ని విను. హీరోకి మంచి గొంతు ఎవరైనా తెస్తారు. బస్ కండక్టర్, పక్కింటి పిన్ని, గుంపులో అరిచేవాళ్ళు, వీళ్ళ ముగ్గురికీ ఒకే మనిషి గొంతు మార్చి పలుకుతుంటే బడ్జెట్ తెలిసిపోతుంది. ఇక "చూడు", "తెలుసా", "ఒక్క నిమిషం" లెక్కపెట్టు. నిమిషానికి నాలుగు దాటితే ఒరిజినల్‌కి మారిపో.

సెంటర్‌చానల్:
దీనికి ఇంకొకటి కలుపుతా. డబ్బింగ్ వెర్షన్‌కి సెన్సార్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. కాబట్టి థియేటర్లో ఒక భాషలో వినిపించిన మాట ఇంకో భాషలో మ్యూట్ అయ్యుండొచ్చు. ఆ మ్యూట్‌ని చూసి "డబ్బింగ్‌లో సౌండ్ ఎగిరిపోయింది" అని రాసేవాళ్ళని చూశాం.

పొద్దుటి_ఆట:
పెదవిముడి గారి పరీక్షకి నేనూ ఒప్పుకుంటా, ఒక షరతు మీద. కథలో రెండు భాషలుంటే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు, నేరుగా ఒరిజినల్. మంజుమ్మెల్ బాయ్స్ దగ్గర నేను వెనక్కి తగ్గను.

నేల_టికెట్టు:
తగ్గకండి. ఆ గుహలో వినిపించే పాటకి తెలుగువాడు "కమ్మని ఈ ప్రేమలేఖనే" అని పాడుకుంటూనే చూస్తాడు. అదీ కమల్ గుణ సినిమా డబ్బింగ్ పాటే. 1991 నుంచి మనదే.

పొద్దుటి_ఆట:
...ఇది దెబ్బే. ఒప్పుకోను గానీ దెబ్బే.

కొత్త_సీటు:
ఇంతసేపూ చదివాను. మీరు చెప్పిన పెదవుల సంగతి విన్నాక నిన్నటి సినిమా మళ్ళీ పెట్టి చూస్తే డబ్బింగ్ దారుణం. ప్రతి మాటా నోరు కదిలాక వస్తోంది. రచయితదా, ఎడిటర్‌దా తప్పు?

సెంటర్‌చానల్:
ప్రతి మాటా ఒకేలా వెనకపడుతోందా? అయితే ఇద్దరిదీ కాదు. సౌండ్‌బార్ బ్లూటూత్ మీద ఉందా?

కొత్త_సీటు:
అవును, బ్లూటూత్.

సెంటర్‌చానల్:
అదే దొంగ. బ్లూటూత్‌లో శబ్దం మామూలుగానే 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే నాలుగైదు ఫ్రేముల వెనక. శబ్దం వెనకపడితే మూడు ఫ్రేముల దాకా మనం పట్టుకోలేం. ముందొస్తే ఒక్క ఫ్రేము దాటగానే పట్టేస్తాం. మీది గీత దాటింది. ముందు ఒరిజినల్ ఆడియోకి మార్చి అదే సీన్ చూడండి. అక్కడా వెనకపడుతుంటే డబ్బింగ్‌ని వదిలేయండి పాపం. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో డిలే అని ఉంటుంది. దాన్ని తగ్గించి, ఎవరైనా చప్పట్లు కొట్టే షాటో, తలుపు వేసే షాటో పెట్టుకుని సరిచూసుకోండి, పెదవుల మీద తేల్చుకోవడం కష్టం. అప్పటికే సున్నా మీద ఉంటే తగ్గించడానికి చోటు లేదు, అప్పుడు బ్లూటూత్ తీసేసి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ ఆప్టికల్ తీగ గానీ వేయాలి.

కొత్త_సీటు:
ఒరిజినల్లో కూడా వెనకే వస్తోంది. సున్నా మీదే ఉంది. తీగ తెస్తా.

పెదవిముడి:
తీగ వేశాక మళ్ళీ చూసి చెప్పండి. అప్పటికీ "చెప్పు" దగ్గర పెదవి కలవకపోతే ఆ తప్పు మావాళ్ళదే.